ఏడో నంబరు నాడి

జూలై 9

అమ్మడూ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. రెండుసార్లు నేను చదువుకున్నాను, మూడోసారి పక్క వాటాలో ఉండే మీ మేనత్తకి చదివి వినిపించాను. నాలుగోసారి మీ అత్తే కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది, నేను మధ్యలో ఏమైనా మింగేశానేమోనని. నా మీద అంత నమ్మకం.

నాకు అర్థమైనది రాస్తాను, తప్పైతే దిద్దు. నువ్వు నీ తొమ్మిదో క్లాసు పిల్లలకి, తిన్న తిండి ఒంట్లో శక్తిగా ఎలా మారుతుందో చెబుతున్నావు. బట్టీ పట్టించడం నీకిష్టం లేదు. అందుకని ఒక్కొక్కరూ ఇంట్లో ఒక్కో పెద్దమనిషి నాడి లెక్క రాస్తారు. ఊరికే కూర్చున్నప్పుడు ఎంత, మెట్లెక్కగానే ఎంత, మళ్ళీ మామూలుకి రావడానికి ఎన్ని నిమిషాలు. ఈ లెక్కలన్నీ మన ఊళ్ళో ఉన్న ఆ పెద్ద పరిశోధనా సంస్థకి వెళ్తాయి. అక్కడి పరిశోధకుడు ఒకాయన వాటిని నిజంగానే వాడుకుంటాడు. నోటుపుస్తకం బాగా రాసిన నలుగురు పిల్లల్ని సెలవుల్లో రెండు వారాలు తన ల్యాబుకి పిలిచి పని నేర్పుతాడు.

ఆ క్లాసులో ప్రతిదానికీ "ఎందుకు" అని అడిగే పిల్ల ఒకతి ఉంది. అందరూ దాన్ని ఎందుకమ్మ అంటారు. దానికి ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, హాస్టల్లో ఉంటుంది. నాడి చూడ్డానికి మనిషి లేక మొహం చిన్నబుచ్చుకుంటే, నువ్వు మీ అమ్మని అరువిచ్చావు. నేను ఏడో నంబరు. పక్కింటికి గిన్నెలు అరువిచ్చినవాళ్ళని చూశాను గానీ, చెప్పాపెట్టకుండా అమ్మని అరువిచ్చినదాన్ని నిన్నే చూశాను.

సరే, కాదనను. ముప్ఫై ఏళ్ళు హాస్టల్లో రెండొందలమందికి వండాను. తిండి శక్తిగా మారుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిన్నాక వాళ్ళు చేసే గోల విన్న చెవులివి.

మెట్ల దగ్గరే వచ్చింది తంటా. మేడ మీదికి నలభై రెండు మెట్లు రోజూ పొద్దున్నే ఎక్కమన్నావు. ఆ మెట్ల చివర ఉన్నది మీ తమ్ముడి గది. వాడు పోయి పది నెలలు, దానికి తాళం వేసీ పది నెలలే. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసినవాడు, ఇంటికొచ్చి మెట్లెక్కి పడుకునేవాడు. ఊళ్ళో ఇంకెక్కడా మెట్లు లేవా అని అడుగుదామనుకున్నాను. నువ్వు టీచరువి, జవాబు సిద్ధంగానే ఉంటుంది. చూద్దాంలే.

ఫోను సంగతి మళ్ళీ ఎత్తకు. ఆస్పత్రి నుంచి ఆ కబురు మోసుకొచ్చాక దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను. ఉత్తరమైతే మోగదు.

ఇట్లు అరువు సామాను,
అమ్మ

జూలై 17

అమ్మా,

నువ్వు ఒప్పుకున్నావని చెప్పగానే ఎందుకమ్మ తన నోటుపుస్తకంలో నీకోసం ఒక పేజీ నిండా గీతలు గీసుకుంది. "ఆవిడ ఎందుకు ఒప్పుకున్నారు టీచర్?" అంది. నాకూ తెలీదన్నాను.

మా ల్యాబు గొప్పలు విను. మొన్న పల్లీల ప్రయోగం. పల్లీని సూదికి గుచ్చి మండించి, దాని మీద పెట్టిన గొట్టంలో నీళ్ళు ఎంత వేడెక్కాయో చూడాలి. నలభై పల్లీలిచ్చాను. మంట మీద మండినవి ఆరు. మిగతా ముప్ఫై నాలుగూ పిల్లల కడుపుల్లో మండాయి. పాఠమే అది కాబట్టి తిట్టలేకపోయాను. నిన్న ఈస్టు ప్రయోగం. సీసాలో చక్కెర నీళ్ళూ ఈస్టూ పోసి మూతికి బెలూను తొడిగాం. ఈస్టు చక్కెర తిని గాలి వదిలితే బెలూను ఉబ్బాలి. ఆరు సీసాల్లో ఒక్కటీ ఉబ్బలేదు. హెడ్మాస్టరు గారు వచ్చి వేలాడుతున్న బెలూన్లని చూసి, "పుట్టినరోజు ఎవరిదమ్మా, ఇంత దిగులుగా ఉంది?" అని వెళ్ళారు. ఆ గదిలో విరిగిన బెంచీలు పెట్టించాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక.

నీకు వంటింటి మాటల్లో పాఠం చెబుతాను. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ కంటికి కనపడని పొయ్యిలుంటాయి. వాటిని మైటోకాండ్రియా అంటారు. నువ్వు తిన్నది, నువ్వు పీల్చిన గాలితో కలిపి అవి సన్నసెగ మీద మండిస్తాయి. వచ్చిన శక్తిని చిన్న చిన్న పొట్లాలు కట్టి కండకీ గుండెకీ మెదడుకీ పంపుతాయి. పొట్లం పేరు ఏటీపీ. దాచిపెట్టుకోవడానికి ఉండదు, కట్టింది కట్టినట్టు ఖర్చవ్వాలి. మెట్లెక్కితే పొట్లాలు ఎక్కువ కావాలి, గాలి ఎక్కువ కావాలి, అందుకే గుండె పరిగెడుతుంది.

ఇంకో సంగతి. పిల్లలకి ఆ పొయ్యిలు తల్లి దగ్గర్నుంచే వస్తాయి, తండ్రి దగ్గర్నుంచి కాదు. ఇది అత్తకి చెప్పకు.

పరిశోధకుడు గారు నిన్న వచ్చారు. ఎంత ఓపికో! పిల్లలతో పాటు నేల మీద కూర్చుని సీసాలు కడిగారు. నా టీ కూడా బాగుందన్నారు.

నీ,
పెద్దది

జూలై 24

అమ్మడూ,

ముందు నీ ఈస్టు సంగతి. ఫ్లాస్కులో నీళ్ళు అలాగే పోశావు కదూ? అవి చచ్చాయి తల్లీ. నీళ్ళలో చిటికెన వేలు పెట్టి పది అంకెలు లెక్కపెట్టు. వేలు హాయిగా ఉంటే ఈస్టూ హాయిగా ఉంటుంది. నా దగ్గర పనిచేసిన పిల్లలకి మొదటిరోజే చెప్పేదాన్ని. అంత చదువు చదివి నీళ్ళు కాచడం రాలేదు.

చెప్పొద్దన్నావు కాబట్టి మీ అత్తకి చెప్పాను. "వదినా, నా పిల్లల ఒంట్లో ఉన్న పొయ్యిలన్నీ నావేనట, మీ వంశానిది ఒక్క నిప్పుకణిక కూడా లేదట" అన్నాను. పాతికేళ్ళుగా నా పిల్లల ముక్కూ మొహమూ తెలివీ అన్నీ వాళ్ళవేనని చెప్పుకున్న మనిషి కదా, గ్లాసు కింద పెట్టేసింది. "అలా అయితే మా అమ్మ పొయ్యిలు నాకూ నా తమ్ముడికీ వచ్చాయిగా. నీ మొగుడు బతికినన్నాళ్ళూ మా అమ్మ పొయ్యి మీదే బతికాడే, నీ వంటతో కాదు" అంది. మీ అత్తతో పెట్టుకోకూడదు.

తను వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. చిన్నోడి ఒంట్లో ఉన్నవీ నావే అన్నమాట. నావి ఇంకా మండుతున్నాయి. ఆ లెక్క మాత్రం నాకు అర్థం కాలేదు. మీ పుస్తకంలో ఉంటే చూడు.

వారం లెక్కలు పక్క కాగితం మీద రాశాను. కూర్చుంటే డెబ్భై ఎనిమిది, ఎక్కితే తొంభై ఎనిమిది, సర్దుకోవడానికి మూడు నిమిషాలు. అన్ని రోజులూ అంతే. నేను స్థిరంగా ఉన్నానని ఎందుకమ్మకి చెప్పు.

ఇంతకీ ఆ పరిశోధకుడికి పెళ్ళయిందా? ఊరికే అడిగాను. సీసాలు కడిగే మగవాడు రోజూ దొరకడు. శుక్రవారం నాకూ మీ అత్తకీ ఆ సంస్థ వైపు కొంచెం పనుంది.

అమ్మ

ఆగస్టు 2

అమ్మా,

చిటికెన వేలు పనిచేసింది. ఆరు బెలూన్లూ ఉబ్బాయి. ఆరోది ఎక్కువ ఉబ్బి, హెడ్మాస్టరు గారు వంగి చూస్తుండగా ఊడి ఎగిరింది. నురగంతా ఆయన చొక్కా మీద. పిల్లలు నవ్వాలా వద్దా అని నా మొహం చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మీ పని సంగతి పరిశోధకుడు గారే చెప్పారు. ఇద్దరు పెద్దావిడలు గేటు దగ్గర నిలబడి, కాపలా మనిషిని "ఆయన కోపిష్టా? రాత్రి ఇంటికి ఎన్నింటికి వెళ్తాడు? సొంత పళ్ళేనా?" అని అడిగారట. అమ్మా, ఆయన వచ్చే ఏడాది రిటైరవుతారు. ముగ్గురు మనవలు. నేను ఆ రోజంతా తలెత్తలేదు.

కానీ ఒకటి నిజం చెప్పు. వీధి చివరికే రానన్నదానివి, రెండు బస్సులు మారి అంత దూరం వెళ్ళావా?

ఇక అసలు సంగతి. నీ లెక్కలు ఎందుకమ్మకి ఇచ్చాను. గీతలు గీసి చూసి, మెల్లిగా నా దగ్గరికొచ్చింది. "టీచర్, నా నాడి నేను ఒక్క రోజులో ఐదుసార్లు చూసుకుంటే ఐదు అంకెలొచ్చాయి. ఈవిడకి ఏడు రోజులూ ఒకటే అంకె ఎందుకొచ్చింది?" అంది. జవాబు నువ్వే చెప్పాలి.

నీ,
పెద్దది

ఆగస్టు 8

అమ్మడూ,

ఆయన తల నెరిసిన సంగతి మేమూ చూశాం. గొడుగు పట్టుకుని బయటికొస్తుంటే, "ఇతను తండ్రేమో, కొడుకు వెనకాల వస్తాడు" అని మీ అత్త ఇంకో గంట నిలబెట్టింది. ఎండలో. రెండు బస్సులెక్కానని దెప్పకు. కూతురి విషయం వేరు.

ఇక నాడి సంగతి. ఒకటే అంకె వస్తే తప్పా? నా నాడి పద్ధతి గల నాడి. అయినా మీ క్లాసుకి గందరగోళమే కావాలంటే అలాగే కానీ. ఈ వారం కొత్తగా చూసి రాశాను. కూర్చుంటే తొంభై రెండు. ఎక్కితే నూట నలభై రెండు, మధ్యలో రెండుసార్లు ఆగి. సర్దుకోవడానికి తొమ్మిది నిమిషాలు, ఒకరోజు పదకొండు. ఇవి నిఖార్సైన అంకెలు. ఏ ఒక్క రోజూ ఇంకో రోజులా లేదు, చూసుకోమను.

మీ అత్త మోకాళ్ళు నొప్పులని నాలుగు రోజులుగా నన్ను తిడుతోంది. ఎందుకో మరి.

అమ్మ

ఆగస్టు 13

అమ్మా,

ఇదేంటి? కూర్చుంటేనే తొంభై రెండా? పదకొండు నిమిషాలా? ఎందుకమ్మ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, "ఏడో నంబరుకి ఒంట్లో బాగాలేదు టీచర్" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మన ఊళ్ళో డాక్టరుగా ఉన్న నా స్నేహితురాలికి ఫోను చేశాను, రేపే వస్తుంది. మెట్లు మానెయ్. ఏమైనా దాస్తున్నావా? తమ్ముడి జ్వరం కూడా మూడు రోజులు దాచావు నాకు, కంగారు పడతానని. మళ్ళీ అలా చెయ్యకు.

నీ,
పెద్దది

ఆగస్టు 20

అమ్మడూ,

మీ డాక్టరమ్మ వచ్చింది. చక్కటి పిల్ల. నా నాడి చూసింది, డెబ్భై తొమ్మిది. రక్తపోటు చూసింది, బాగుందంది. కాగితం చూసి, నన్ను చూసి, పక్కన కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్న మీ అత్తని చూసింది. నాడి చూడ్డానికి మీ అత్త చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు మీ అత్తకి పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, ఉప్పు బంద్. "నీ కూతురి చదువు నా నోరు కట్టేసింది" అంటోంది. కానీ నాలుగు రోజులుగా ఆయాసం తగ్గిందట. అది మాత్రం నీకు రాయొద్దంది.

జ్వరం సంగతి రాశావు. అవును, దాచాను. తగ్గిపోతుందనుకున్నాను.

నాకేం లేదు, గుండ్రాయిలా ఉన్నాను. రుజువు కావాలంటే ఈ వారం లెక్కలు చూడు. కూర్చుంటే యాభై ఎనిమిది, ఎక్కితే డెబ్భై ఆరు, ఒక్క నిమిషంలో మామూలు. డాక్టరమ్మ చూసిన రోజు నాకు కొంచెం సిగ్గేసి పెరిగి ఉంటుంది.

పోస్టుమాన్ గారు నిన్ను అడిగానన్నాడు. ఈ మధ్య మన ఇంటి దగ్గర కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్తున్నాడు. పాపం, రోజూ ఎన్ని మెట్లెక్కుతాడో.

అమ్మ

ఆగస్టు 29

అమ్మా,

నిన్న క్లాసులో ఎందుకమ్మ నీ మూడు వారాల లెక్కలూ బోర్డు మీద గీసింది. గీసి వెనక్కి తిరిగి చెప్పింది. "ఏడో నంబరు ఒక మనిషి కాదు. మొదటి వారం ఎవరూ ఎక్కలేదు, అది ఊహించి రాసింది. రెండో వారం ఎక్కింది బరువైన మనిషి, మోకాళ్ళు బాగాలేవు. మూడో వారం ఎక్కింది రోజంతా తిరిగే మనిషి, బహుశా సైకిలు తొక్కుతాడు." క్లాసంతా చప్పట్లు. వెనక బెంచీ నుంచి ఒకడు, "నాలుగో వారం గుర్రం వస్తుంది టీచర్" అన్నాడు. నేనూ నవ్వాను అమ్మా. నవ్వి, స్టాఫ్ రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆ పిల్ల తెలివికి పరిశోధకుడు గారు మురిసిపోయారు. కానీ చివర్లో అన్నారు, "దొంగని పట్టుకోవడం సగం పని. అసలు లెక్క ఏదీ?" అని. నోటుపుస్తకాలు సెప్టెంబరు ఇరవైకల్లా ఇవ్వాలి. కనీసం పది రోజుల నిజమైన లెక్కలు కావాలి. మిగతా పిల్లలకి అమ్మమ్మలూ తాతయ్యలూ ఉన్నారు. దీనికున్నది నువ్వొక్కదానివే. వేరే మనిషిని ఇస్తానన్నాను. వద్దంది. "ఆవిడ ఎందుకు ఎక్కలేదో తెలీకుండా పేజీ చింపితే అదీ అబద్ధమే కదా" అంది.

ఆ కారణం నేను దానికి చెప్పలేదు. అది నీ మాట, నువ్వే చెప్పాలి.

నీ,
పెద్దది

సెప్టెంబరు 4

అమ్మడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి నాలుగోసారి రాస్తున్నాను. పోస్టుమాన్ గారు గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఇస్తారా, రేపు రమ్మంటారా" అని అడుగుతున్నాడు. అతనికీ సంగతి తెలుసు. మూడో వారం నాడి అతనిదే. రెండో వారానిది మీ అత్తది. "ఏమే, నా చేత మెట్లెక్కించి నీ పేరు రాసుకుంటావా" అని తిడుతూనే ఎక్కింది పాపం. మొదటి వారానిది ఎవరిదీ కాదు.

మొదటిరోజు నేను నిజంగానే బయల్దేరాను. చెప్పులు వేసుకుని, నువ్వు పంపిన గడియారం పట్టుకుని, మెట్ల దగ్గరికి వెళ్ళాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టి నాడి చూసుకున్నాను. ఎక్కకుండానే నూట పది. ఒక్క మెట్టుకే ఇంత అయితే నలభై రెండుకి ఎంతవుతుందో అని వెనక్కి వచ్చేశాను. వచ్చి కూర్చుని, చక్కటి అంకెలు చూసి రాశాను. వంటలో ఉప్పు చూసినట్టు, కొంచెం అటూ ఇటూ చూసి.

పిల్ల పేజీ చింపనందని రాశావు. ఆ మాట చదివి సిగ్గేసింది. నాకు చదువు లేదు, నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళలో మాడిన కూడు మీద మంచిది కప్పి ఏ పిల్లకీ పెట్టలేదు. దీనికి పెట్టాను.

ఇంక దానికి ఇది చదివి వినిపించు. "అమ్మా, ఆ మెట్ల మీద మా అబ్బాయి గది ఉంది. వాడు పోయాడు. అందుకని ఎక్కలేదు. రేపటి నుంచి ఎక్కుతాను. ఎంత వరకు ఎక్కితే అంతే రాస్తాను. ఏడో నంబరు."

అమ్మ

సెప్టెంబరు 9

అమ్మా,

చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అడగలేదు. అది ఏమీ అడక్కపోవడం క్లాసులో ఎవరూ ఇంతకు ముందు చూడలేదు.

మర్నాడు వచ్చి మాత్రం అడిగింది. "ఎక్కకుండానే నూట పది ఎందుకైంది?" అని. మేమిద్దరం కలిసి పరిశోధకుడు గారికి రాశాం. ఆయన జవాబు ఇది. కాలు కదలకముందే ఒళ్ళు సిద్ధమైపోతుందట. భయమైనా బెంగైనా, ముందే గుండెని పరిగెత్తిస్తుందట. పని జరగకపోయినా ఆ పరుగుకి పొట్లాలు ఖర్చవుతూనే ఉంటాయి. "ఆ నూట పదిని వదలొద్దు, మీ దగ్గరున్న మొదటి నిజమైన అంకె అదే" అని రాశారు.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. బడి ముందు మెట్లు, గుడి ముందు మెట్లు, ఏవైనా రాయొచ్చు. కావాలనే ఆ మెట్లు రాశాను. నీ చేత ఆ తలుపు తీయించాలని, పిల్ల పేరు అడ్డం పెట్టుకున్నాను. ఇన్ని నెలలు నువ్వు రొట్టెముక్కా టీ మీద బతుకుతుంటే ఇక్కడ నాకు పాఠం నోటికి రాలేదు. తిండి శక్తి అవుతుందని ముప్ఫైమందికి చెబుతాను, నీకు చెప్పలేను. నువ్వు మోసం చేశావని కోప్పడ్డాను గానీ, మొదలుపెట్టింది నేనే.

నీ,
పెద్దది

సెప్టెంబరు 16

అమ్మడూ,

తెలుసు. మొదటి ఉత్తరంలోనే తెలుసు. నిన్ను కన్నది నేనే, మర్చిపోయావా?

లెక్కలివిగో. నాలుగో తారీఖు ఉత్తరంలో చెప్పిన నూట పది కాకుండా పదీ ఉన్నాయి. ఉత్తరం వేసిన మర్నాడే మొదలుపెట్టి పది రోజులు ఎక్కాను, ఒకరోజైతే రెండుసార్లు. అది కూడా రాశాను, దాచలేదు.

మొదటిరోజు ముప్ఫై ఒక్క మెట్లు. అక్కడ కూలబడ్డాను. నూట ఇరవై ఆరు. కూర్చునే ఉన్నాను, పది నిమిషాలైనా నూట పంతొమ్మిది. గడియారం చెడిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. పై వాటా వాళ్ళావిడ వచ్చి, "ఏమైందండీ" అంది. "చదువుకుంటున్నాను" అన్నాను. హడలిపోయి లోపలికి వెళ్ళింది.

రెండోరోజు ముప్ఫై ఒకటే. మూడోరోజు ముప్ఫై ఎనిమిది. నాలుగోరోజు వాన, మెట్లు తడి, మీ అత్త కింద నిలబడి "జారి పడితే నీ నాడి నేను చూడను" అని అరుస్తోంది. ఆ రోజే నలభై రెండూ ఎక్కాను. తలుపు ముందు నిలబడ్డాను. నూట ముప్ఫై. తగ్గడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. తాళం చెవి తీసుకెళ్ళలేదు.

మిగతావి కాగితంలో ఉన్నాయి. ఆఖరి రోజు నూట పద్నాలుగు, ఎనిమిది నిమిషాలు. మీ పొట్లాలకి ఏదో ఒకటి కావాలి కదా అని పొద్దున్నే తిని ఎక్కుతున్నాను. రొట్టె కాదు, వంట. మీ అత్తకి ఉప్పు లేకుండా వండాలి ఎలాగూ, రెండు గిన్నెలు పెడుతున్నాను.

చివరి వరసలో "కారణం" అని ఒక గడి గీసి పంపింది ఆ పిల్ల. ఎక్కకుండానే పెరిగినా, ఎక్కడం ఆగాక తగ్గకపోయినా కారణం ఏం రాయాలి అని పెన్సిలుతో అడిగింది. నేను పెన్నుతో రాశాను. "కొడుకు" అని రాశాను. పరిశోధనకి పనికిరాదంటే కొట్టెయ్యమను.

అమ్మ

అక్టోబరు 3

అమ్మా,

కొట్టెయ్యలేదు. పరిశోధకుడు గారు ఆ పేజీ చూసి, "మిగతా ఇరవై తొమ్మిది నోటుపుస్తకాల్లో ఈ గడి లేదు, ఎందుకు లేదు?" అని మిగతా పిల్లల్ని అడిగారట. ఎంపికైన నలుగురిలో ఎందుకమ్మ మొదటిది. మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసింది, "ఏడో నంబరు: ముగ్గురు మనుషులు, ఒకే నిజం." హెడ్మాస్టరు గారు దాన్ని బడి గేటుకి అంటించారు. బెంచీల మాట ఎత్తడం లేదు.

ఒక్కటే చిక్కు. సంస్థ అతిథి గదుల్లో పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని ఉంచుకోరు. మిగతా ముగ్గురికీ మన ఊళ్ళో చుట్టాలున్నారు. దీనికి లేరు. ఉండే చోటు చూపిస్తేనే పంపిస్తానంటున్నారు, దాని మంచిచెడ్డలు దూరం నుంచి చూసే బాబాయి. రెండు వారాలే. అత్త వాటాలో ముందు గది ఖాళీగా ఉంది కదా. నువ్వొకసారి అడిగి చూడు. ఇంకేదీ నేను అడగడం లేదు. నిజంగా అడగడం లేదు.

నీ,
పెద్దది

అక్టోబరు 8

అమ్మడూ,

అడగడం లేదని రెండుసార్లు రాస్తే అడిగినట్టేనని నాకు తెలీదా?

మీ అత్త ముందు గది కుదరదు. మీ అత్త గురక గోడలు దాటి నా వాటాలోకే వస్తుంది, పిల్ల చదువుకునేదెట్లా? పైగా తను ఇప్పుడు రోజుకి మూడుసార్లు నాడి చూసుకుని అందరికీ చెబుతోంది. తనకీ ఒక నంబరు ఇమ్మని నీకు రాయమంది. రాశాను.

పిల్ల పై గదిలో ఉంటుంది.

సోమవారం తాళం తీశాను. నూనె వేస్తే గానీ తిరగలేదు. లోపల దుమ్ము, వాసన, గోడకి తగిలించిన వాడి పని చొక్కా. దాని దుమ్ము దులిపాను. తర్వాత చీపురు తీసుకున్నాను. వాడి బట్టలు కొన్ని ఏడుస్తూ మడతపెట్టాను, కొన్ని తిడుతూ మడతపెట్టాను. మంచం కింద సాక్సులు పదకొండు దొరికాయి, ఒక్కదానికీ జత లేదు. ఊళ్ళో లిఫ్టులు ఎలా బాగుచేశాడో ఆ మనిషి. మీ అత్త గుమ్మంలో నిలబడి ఒక సాక్సు చేతిలోకి తీసుకుని, "ఈ అశ్రద్ధ మాత్రం మీ వైపుదే" అంది. సరే అన్నాను. ఇద్దరం అక్కడే కూర్చుని నవ్వాం. తర్వాత ఏడ్చాం. తర్వాత తను కిందికి వెళ్ళి ఒక కొత్త దుప్పటి తెచ్చింది.

పని చొక్కా గోడకే ఉంచాను. పిల్లకి అడ్డమైతే తీస్తాను, అడగమను. అడగడం దానికి కొత్త కాదుగా. ఫ్యాను తిరుగుతోంది. బల్ల ఒక కాలు ఊగితే అట్టముక్క పెట్టాను. కిటికీ తీస్తే దూరంగా ఆ సంస్థ గోపురం కనపడుతుంది, ఇన్నేళ్ళూ నాకు తెలీదు.

దాని బాబాయికి ఈ ఉత్తరం చూపించు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, ఒకరికి గురక, ఒకరికి నోరు, ఇంకే భయమూ లేదని చెప్పు.

మంచం గోడ వారనే ఉండేది. పిల్లకి గాలి రావాలని కిటికీ వైపు జరిపాను. పాత ఇనప మంచం, నీకు తెలుసుగా దాని బరువు. ఎవర్నీ పిలవలేదు, ఒక్కదాన్నే జరిపాను. ఆ తర్వాత నాడి చూసుకోవడం మర్చిపోయాను.

అమ్మ